‘అవతార్’ అయిన ఆట: ‘అల్టిమా 4’ పునర్మూల్యాంకనం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక ఆటను చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో చెప్పగలుగుతారు.
• 1985లో వెలువడిన ‘అల్టిమా 4’ ప్రత్యేకతను, దాని మరపురాని ఘట్టాలను వివరించగలుగుతారు.
• ‘అవతారం’ అనే భావన అమెరికా కంప్యూటర్ ఆటలోకి వెళ్లినప్పుడు పొందిన మార్పును చర్చించగలుగుతారు.

1. ప్రవేశిక

మీ ఫోన్‌లో వాట్సాప్ తెరిస్తే మీ పోలికలతో ఒక బొమ్మ తయారు చేసుకోమని అడుగుతుంది. ఆ బొమ్మ పేరు ‘అవతార్’. మత్స్యం, కూర్మం, వరాహం అంటూ చిన్నప్పుడు వరస తప్పకుండా అప్పజెప్పిన మాటే అది. ఆ మాట ఫోన్‌లోకి ఎలా చేరింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ పోతే, దారిలో నలభై ఏళ్ల కిందటి ఒక కంప్యూటర్ ఆట తప్పకుండా ఎదురవుతుంది. దాని పూర్తి పేరు ‘అల్టిమా 4: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్’.

ఆటల గురించి చరిత్ర పాఠంలో ఎందుకని మీరు అడగవచ్చు. శాసనం, నాణెం, కైఫీయతు వంటివి ఆధారాలని మీరు ఇదివరకే చదివారు. ఆట కూడా ఆధారమే. అయితే దాన్ని చదివే పద్ధతి వేరు. శాసనంలో రాసిన మాటను చదువుతాం. ఆటలో మాటతో పాటు నియమాన్ని కూడా చదవాలి. ఏ పని చేస్తే ఏ ఫలితం ఇస్తుందన్నదే ఆట అసలు అభిప్రాయం. ఆట పైకి చెప్పేది ఒకటి, దాని నియమం చేసేది ఒకటి కావచ్చు. ఈ పాఠం మొత్తానికి ఈ ఒక్క సూత్రమే ఆధారం.

2. మనకు తెలిసిన ఆటతో మొదలుపెడదాం

నేను ఈ పాఠం రాస్తున్నది రామచంద్రపురంలో. మా వైపు శివరాత్రి జాగారానికి నిద్ర ఆపుకోవడానికి వైకుంఠపాళి ఆడడం పాత అలవాటు. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఆ పటం ఉండే ఉంటుంది. దాన్నే పరమపద సోపాన పటం అంటారు. గవ్వలు వేసి, పడిన పందెం ప్రకారం గడులు దాటుతాం. నిచ్చెన దొరికితే పైకి, పాము నోట పడితే కిందికి. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. పైన పరమపదం.

ఈ ఆటను 13వ శతాబ్దికి చెందిన జ్ఞానేశ్వరుడు కనిపెట్టాడని ఒక మాట ప్రచారంలో ఉంది. అయితే మనకు అందిన పాత పటాలు ఎక్కువగా 18, 19 శతాబ్దాలవి. ఉత్తర, పశ్చిమ భారతంలో ‘జ్ఞాన చౌపడ్’ పేరుతో వైష్ణవులకు, జైనులకు వేర్వేరు పటాలు ఉండేవి. 19వ శతాబ్ది చివరి దశకంలో ఇది ఇంగ్లండులో ‘స్నేక్స్ అండ్ లాడర్స్’గా అమ్మకానికి వచ్చింది. మొదట్లో అక్కడి పటాల మీద కూడా నీతులు ఉండేవి. తరువాత అవి పోయి అంకెలే మిగిలాయి. 1943లో అమెరికాలో పాముల స్థానంలో జారుడుబల్లలు వచ్చాయి.

ఇప్పుడు మన సూత్రాన్ని ఈ పటానికి వర్తింపజేయండి. పటం చెప్పేది ‘పుణ్యం చేసినవాడు పైకి పోతాడు’ అని. నియమం చేసేది వేరు. ఆడేవాడు పుణ్యమూ చేయడు, పాపమూ చేయడు. గవ్వలు ఎలా పడితే అలా పోతాడు. మన చేతిలో ఏమీ లేదన్న భావన ఆ నియమంలో ఉంది. ఇంటి యజమాని గవ్వకూ పాలేరు గవ్వకూ తేడా లేదన్న సమానత్వం కూడా అందులోనే ఉంది. దీన్ని గుర్తుంచుకోండి. ముందు ముందు పోల్చి చూడడానికి పనికి వస్తుంది.

3. 1985 నాటి నేపథ్యం

1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వెలువడింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. దీన్నే రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే పాత్రధారణ ఆట అంటారు. వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక ఇదే పద్ధతి తెర మీదికి ఎక్కింది.

టెక్సాస్‌లో పెరిగిన రిచర్డ్ గ్యారియట్ ఆ తొలి తరం రచయితల్లో ఒకడు. 1961లో పుట్టాడు. తండ్రి ఓవెన్ గ్యారియట్ 1973లో స్కైలాబ్‌లో పనిచేసిన వ్యోమగామి. రిచర్డ్ 1981లో మొదటి ‘అల్టిమా’ను, 1982లో రెండోదాన్ని, 1983లో మూడోదాన్ని విడుదల చేశాడు. అదే 1983లో తండ్రి, అన్నలతో కలిసి ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థను స్థాపించాడు.

మొదటి మూడు ఆటల తీరు ఒకటే. దుష్టుణ్ణి చంపాలి. అందుకు డబ్బు, ఆయుధాలు కావాలి. దుకాణంలో దొంగిలించినా, ఊళ్లో అమాయకుణ్ణి చంపినా లక్ష్యం నెరవేరితే చాలు. మూడో ఆట పెట్టె మీద రాక్షసుడి బొమ్మ ఉండేది. అప్పట్లో అమెరికాలో కొన్ని క్రైస్తవ బృందాలు పాత్రధారణ ఆటలను సైతాను పనిగా నిందిస్తున్నాయి. గ్యారియట్‌కు కూడా తల్లిదండ్రుల నుంచి కోపంతో ఉత్తరాలు వచ్చాయి. ఆటగాళ్లు తమ ఆటతీరును వర్ణిస్తూ రాసిన ఉత్తరాలు ఆయన్ని ఇంకా ఆలోచింపజేశాయి. నిందను పక్కన పెట్టినా, తన ఆట మనుషులకు దేన్ని నేర్పుతోందన్న ప్రశ్న మిగిలింది. 1985లో ఆపిల్ 2 కంప్యూటర్‌కు వచ్చిన ‘అల్టిమా 4’ ఆ ప్రశ్నకు సమాధానం.

ఈ ఆటలో చంపవలసిన మహాదుష్టుడు లేడు. నిజాయితీ, దయ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాల్లో పరిపూర్ణుడై ‘అవతార్’ కావడమే లక్ష్యం. వీటి వెనుక సత్యం, ప్రేమ, ధైర్యం అనే మూడు మూలసూత్రాలు ఉన్నాయి. ఉదాహరణకు సత్యం, ప్రేమ కలిస్తే న్యాయం. ప్రేమ, ధైర్యం కలిస్తే త్యాగం. మూడూ కలిస్తే ఆధ్యాత్మికత. ఈ మూడింటిలో దేన్నుంచీ పుట్టనిది వినయం.

4. మరపురాని ఘట్టాలు

మొదటి ఘట్టం, ప్రశ్నలు. ఆట యుద్ధంతో మొదలు కాదు. ఒక సంతలో సోదె చెప్పే స్త్రీ బండిలోకి మిమ్మల్ని పిలిచి ఏడు ప్రశ్నలు అడుగుతుంది. ప్రతి ప్రశ్నలోనూ రెండు మంచి గుణాలు ఎదురెదురుగా నిలబడతాయి. నిజం చెబితే ఒకరికి బాధ, చెప్పకపోతే మాట తప్పినట్టు, అలాంటివి. తప్పు జవాబు లేదు. మీరు దేన్ని ఎక్కువగా ఎంచుకున్నారో దాన్నిబట్టి మీ పాత్ర నిర్ణయమవుతుంది. శౌర్యాన్ని ఎంచుకున్నవారు యోధులు, వినయాన్ని ఎంచుకున్నవారు గొర్రెల కాపరులు. కాపరి బలహీనమైన పాత్ర. వినయానికి వెల ఉంటుందని ఆట మొదట్లోనే చెప్పేస్తుంది.

రెండో ఘట్టం, గుడ్డి వర్తకురాలు. మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే ఆమెకు చూపు లేదు. ధర ఆమె చెబుతుంది, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది మీరే. తక్కువ ఇచ్చినా సరుకు ఇచ్చేస్తుంది, ఆ క్షణంలో ఏమీ జరగదు. కాని ఆట లోపల మీ నిజాయితీ లెక్క తగ్గిపోతుంది. ఆ సంగతి తెర మీద కనిపించదు. చాలా కాలం తరువాత రాజుగారి కోటలో ఉండే హాక్‌విండ్ అనే జ్ఞానిని అడిగినప్పుడు మీ వెనుకబాటు బయటపడుతుంది. ఎవరూ చూడనప్పుడు చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకున్న ఆట ఇది. చిత్రగుప్తుడి చిట్టా అంటే తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

మూడో ఘట్టం, ధ్యానం. ఎనిమిది గుణాలకు ఎనిమిది మందిరాలు. ప్రతి మందిరంలో దాని మంత్రాన్ని జపిస్తూ ధ్యానం చేయాలి. ఆ మంత్రాల్లో ఆధ్యాత్మికతకు కేటాయించినది ‘ఓం’. తక్కిన ఏడింటిలో ఎక్కువ భాగం రచయిత కల్పించిన అక్షరాలు. ఈ ఒక్కటి మాత్రం మనకు ఎరిగిన ముఖంలా ఎదురవుతుంది.

నాలుగో ఘట్టం, ముగింపు. పాతాళం అడుగుకు దిగినవాడికి అక్కడ శత్రువు కనపడడు. ఒక జ్ఞానగ్రంథం, దాని ముందు గుణాల గురించి వరస ప్రశ్నలు ఉంటాయి. చిట్టచివరి జవాబు ‘అనంతం’ అనే అర్థమిచ్చే మాట. ఆ తరువాత ఆట మిమ్మల్ని మీ లోకానికి తిరిగి పంపించి, నేర్చుకున్నదాన్ని అక్కడ బతికి చూపమంటుంది. యుద్ధంలో గెలవడంతో ముగియని పాత్రధారణ ఆట అప్పటికి అరుదు. 1996లో ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ పత్రిక ఎంపిక చేసిన 150 ఉత్తమ ఆటల్లో దీనికి రెండో స్థానం దక్కింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: వైకుంఠపాళిలో పుణ్యఫలం అందే పద్ధతికీ ‘అల్టిమా 4’లో అందే పద్ధతికీ ఉన్న ప్రధాన తేడా ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

5. ‘అవతారం’ మారిన తీరు

సంస్కృతంలో అవతారం అంటే దిగిరావడం. దేవుడు మనిషి స్థాయికి, ఒక్కోసారి చేప, తాబేలు స్థాయికి దిగుతాడు. ఈ మాట 18వ శతాబ్ది చివర్లోనే ఇంగ్లీషులోకి చేరింది. గ్యారియట్‌కు ఇది టెలివిజన్‌లో హైందవ భావనలపై చూసిన ఒక కార్యక్రమం ద్వారా తగిలిందని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. సత్యం, ప్రేమ, ధైర్యం అనే మూడు సూత్రాల ఆలోచన మాత్రం ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలోని మెదడు, హృదయం, ధైర్యం వెతుక్కునే మూడు పాత్రల నుంచి వచ్చింది. కాబట్టి ఈ ఆటలో ఉన్నది హిందూ తత్వం కాదు. అనేక చోట్ల నుంచి ఏరి కుట్టిన బొంత.

ఆ బొంతలో అవతారం తలకిందులైంది. ఇక్కడ దేవుడు దిగడు, మనిషి నడవడితో పైకి ఎక్కుతాడు. మరుసటి ఏడాది, 1986లో, ‘హ్యాబిటాట్’ అనే సామూహిక ఆట తెర మీద ఆటగాడి బొమ్మకు ఇదే పేరు పెట్టింది. 1992లో వచ్చిన నీల్ స్టీఫెన్‌సన్ నవల ‘స్నో క్రాష్’ ఆ అర్థాన్ని ప్రచారంలోకి తెచ్చింది. దిగే దేవుడు ఎక్కే మనిషి అయ్యాడు, ఆ మనిషి చివరికి తెర మీది బొమ్మ అయ్యాడు. మీ ఫోన్‌లో ఉన్నది ఈ మూడో దశ.

దీనికి రెండు తొందరపాటు స్పందనలు ఉంటాయి. ఒకటి, ‘మన మాటను దొంగిలించారు’ అని. రెండోది, ‘చూశారా, అన్నీ మన దగ్గరి నుంచే పోయాయి’ అని. చరిత్ర విద్యార్థికి రెండూ పనికిరావు. మాట ప్రయాణించిన ప్రతి చోటా అక్కడి అవసరం దాన్ని మలుస్తుంది. పాములు జారుడుబల్లలైనట్టే ఇదీను.

6. పునర్మూల్యాంకనం

ఈ ఆటకు దక్కిన పొగడ్త న్యాయమైనదే. వైకుంఠపాళిలో గవ్వలు చేసే పనిని ఇక్కడ మనిషి ఎంపిక చేస్తుంది. అయినా మన సూత్రాన్ని దీనికీ వర్తింపజేయాలి. అప్పుడు రెండు లోపాలు బయటపడతాయి.

మొదటిది లెక్క. బిచ్చగాడికి దానం చేస్తే దయ అంకె పెరుగుతుంది. రహస్యం తెలిసిన ఆటగాడు అంకె కోసం దానం చేస్తాడు. గుణాన్ని కొలవడం మొదలుపెట్టిన చోట కొలతే గుణమైపోయే ప్రమాదం ఉంది. పుణ్యం కోసమే పుణ్యం చేసేవారి గురించి మన పెద్దలు అన్న మాటలు ఇక్కడా పనికొస్తాయి.

రెండోది మరింత లోతైనది. ఈ ఆటలో దయ అందరికీ వర్తించదు. ఎలుక, గబ్బిలం వంటి జంతువులను వెంటాడి చంపితే తప్పు, పారిపోనిస్తే మంచిది. కాని ఓర్క్ వంటి కొన్ని జాతులను పుట్టుకతోనే దుష్టులుగా ఆట ముందే తీర్మానించింది. వాటి ముందు నుంచి పారిపోతే మీ శౌర్యం తగ్గుతుంది. వాటిని చంపడం ఎప్పుడూ తప్పు కాదు. ఆ ఓర్క్ ఏం చేసిందని ఆట ఒక్కసారి కూడా అడగదు. గుణం నడవడి వల్ల వస్తుందని ఎలుగెత్తి చెప్పిన ఆట, దుర్గుణాన్ని మాత్రం పుట్టుకకు అంటగట్టింది. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టిన సమాజం గురించి ఈ కోర్సులో మీరు చదువుతూనే ఉన్నారు. ఆ ఆలోచన ఎంత సులువుగా, ఎంత మంచి ఉద్దేశం మాటున దూరగలదో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. మన పురాణకథల్లో రాక్షసులను చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్నను మీ దగ్గర ఉంచుకోండి.

గ్యారియట్ కూడా తన ఆటను తానే తిరిగి పరిశీలించుకున్నాడు. 1988లో వచ్చిన ‘అల్టిమా 5’లో బ్లాక్‌థార్న్ అనే పాలకుడు ఆ ఎనిమిది గుణాలనే చట్టాలుగా మారుస్తాడు. అబద్ధమాడితే నాలుక పోతుంది. గుణం శాసనమైతే క్రూరత్వం అవుతుందని ఆ ఆట చూపించింది. తన పాత కృతిని ఇంత సూటిగా ప్రశ్నించుకున్న రచయితలు ఏ కళలోనైనా తక్కువే.

7. సారాంశం

ఆటను ఆధారంగా చదివేటప్పుడు దాని కథను మాత్రమే కాక నియమాన్ని కూడా పరిశీలించాలి. వైకుంఠపాళి పుణ్యం గురించి చెబుతూ ఫలితాన్ని గవ్వలకు వదిలింది. ‘అల్టిమా 4’ ఫలితాన్ని మనిషి ఎంపికకు అప్పగించింది, చాటున చేసిన పనిని సైతం లెక్కించింది. ఇది దాని గొప్పతనం. పుట్టుకతో దుష్టులనే విభజనను ప్రశ్నించకపోవడం దాని పరిమితి. ‘అవతారం’ అనే మాట ఈ ప్రయాణంలో అర్థం మార్చుకుంది. ఆ మార్పును అర్థం చేసుకోవడమే మన పని.

మాదిరి ప్రశ్నలు

1. ‘అల్టిమా 4’ రూపకల్పనకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ‘ఆట చెప్పేది ఒకటి, దాని నియమం చేసేది మరొకటి.’ రెండు ఆటల ఉదాహరణలతో చర్చించండి.
3. అభ్యాసం: మీ ఇంట్లో లేదా పక్కింట్లో ఉన్న వైకుంఠపాళి పటాన్ని తీసుకోండి. ఏ పాముకు ఏ పేరుంది, ఏ నిచ్చెనకు ఏ పేరుంది రాసుకోండి. పెద్దవారిని అడిగి, వారి చిన్నప్పుడు ఆ ఆటలో ఎవరెవరు కలిసి కూర్చునేవారో, ఎవరిని కూర్చోనిచ్చేవారు కాదో కూడా రాయండి. పటం మీద లేని ఆ నియమం కూడా చరిత్రే.