పేరులో పద్మం, పేటలో హౌదు

సోలాపూర్ తూర్పు భాగంలో నడిస్తే మీకు రెండు వినిపిస్తాయి. ఒకటి పవర్‌లూమ్ చప్పుడు, రెండోది తెలుగు. సాఖర్ పేట, భద్రావతి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్ ఇవన్నీ మనవాళ్ల పేటలే. చద్దర్లు, టవల్లు నేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు, బీడీలు చుట్టే అమ్మలు ఇక్కడ ఉంటారు. వీళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. పద్మం అంటే తామరపువ్వు. కానీ మా గల్లీలో పుట్టిన చాలామంది పిల్లలు తామరను పుస్తకంలోనూ, లక్ష్మీదేవి పటంలోనూ తప్ప నీళ్లలో చూడలేదు.

పేరులో తామర ఎందుకు వచ్చింది? నీళ్లు మన నుంచి ఎట్లా దూరమయ్యాయి? మళ్లీ కొంచెమైనా దగ్గర చేసుకోవచ్చా? మా బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలం కొందరం కలిసి రెండేళ్లుగా ఒక నీటితోట పెంచుతున్నాం. ఆ పని చేస్తూ ఈ ప్రశ్నలకు దొరికిన జవాబులే ఈ వ్యాసం.

తామర తూడు కథ

మనవాళ్లు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. మార్కండేయ మహర్షి చేసిన యజ్ఞంలోంచి భావనారుషి పుట్టాడు. విష్ణుమూర్తి నాభి కమలం నుంచి తూడు తీసుకొని, దాని నారతో దేవతలకు బట్టలు నేశాడు. అందుకే మనకు పద్మం పేరు వచ్చిందంటారు. శ్రావణ పూర్ణిమ నాడు, అంటే ఇక్కడివాళ్లు నారళీ పూర్ణిమ అనే రోజున, మార్కండేయ రథం ఊరేగేటప్పుడు పెద్దవాళ్లు పిల్లలకు ఈ కథే చెబుతారు.

మా చరిత్ర సర్ ఒక మాట అంటారు. పురాణం చరిత్ర కాదు, కానీ పురాణంలో పని చేసే మనుషుల అనుభవం దాగి ఉండొచ్చు. మరి తామర తూడుతో నిజంగా బట్ట నేయవచ్చా? నేయవచ్చు. మయన్మార్ దేశంలోని ఇన్లే సరస్సు దగ్గర ఇప్పటికీ తామర కాడల నారతో బట్ట నేస్తున్నారు. కాడను కొంచెం కోసి, విరిచి లాగితే లోపలి నుంచి సాలెగూడు పోగుల్లాంటి సన్నని నార వస్తుంది. దాన్ని తడిచేత్తో పేని దారం చేస్తారు. ఒక్క కండువాకే వేల కాడలు కావాలి, అందుకే ఆ బట్ట చాలా ఖరీదు.

మా తోటలో ఒక ఆకు ఎండిపోతుంటే దాని కాడను విరిచి చూశాం. పోగులు వచ్చాయి! యాభై ఏళ్లు మగ్గం మీద పనిచేసిన మా గల్లీ తాత ఒకాయన వాటిని తొడ మీద పేని, జానెడు దారం చేసి చూపించాడు. "నంబరు చానా ఎక్కువున్నది బిడ్డా, మన మిల్లు నూలు దీని ముందు తాడే" అన్నాడు. నూలు ఎంత సన్నగా ఉంటే నంబరు అంత పెద్దదని మాకు ఆరోజే తెలిసింది.

చెరువుల ఊళ్ల నుంచి గిర్ణీల ఊరికి

మన పూర్వీకులు ఎక్కువగా ఇప్పటి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ పేర్లు మన ఇళ్లలో ఇంకా వినిపిస్తాయి. అది చెరువుల దేశం. కాకతీయుల కాలంలో కట్టిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల్లో ఈనాటికీ నీళ్లు ఉన్నాయి. పెద్ద చెరువులే కాదు, ఊరూరికీ ఒక చెరువో కుంటో ఉండేది. 2015లో తెలంగాణ ప్రభుత్వం పాత చెరువుల పూడిక తీయడానికి మొదలుపెట్టిన పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది అందుకే.

బతుకమ్మ కూడా చెరువు పండుగే. పూలు పేర్చి, ఆడి, చివరికి నీళ్లలో వదులుతాం. సోలాపూర్‌కు వచ్చినా మన ఆడవాళ్లు బతుకమ్మను వదల్లేదు.

సోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. 1877లో మొదటి నూలు మిల్లు నడిచింది. దాన్ని ఇప్పటికీ జూనీ గిర్ణీ అంటారు. తర్వాత నర్సింగ్ గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వచ్చాయి. కరువు, అప్పు, పని లేకపోవడం ఒకవైపు తోస్తుంటే, గిర్ణీ భోంగా ఇంకోవైపు పిలిచింది. మనవాళ్లు వచ్చారు. మగ్గం తెచ్చుకున్నారు, భాష తెచ్చుకున్నారు, పండుగ తెచ్చుకున్నారు. చెరువును మాత్రం ఎవరూ మోసుకొని రాలేరు కదా!

సోలాపూర్ మూడు చెరువులు

అలాగని సోలాపూర్‌లో చెరువులే లేవని కాదు. ముఖ్యమైనవి మూడు ఉన్నాయి.

మొదటిది సిద్ధేశ్వర చెరువు. 12వ శతాబ్దంలో శివయోగి సిద్ధరామేశ్వరుడు ప్రజల శ్రమదానంతో తవ్వించాడు. ఆయన బసవేశ్వరుని కాలంవాడు. చిన్నప్పుడు మల్లయ్యను వెతుక్కుంటూ మన శ్రీశైలం వెళ్లాడని, తిరిగి వచ్చి ఇక్కడ గుడీ చెరువూ కట్టించాడని చెబుతారు. చెరువు పక్కనే కోట, నీళ్ల మధ్యలో గుడి. జనవరిలో సంక్రాంతికి జరిగే గడ్డా జాతర కులమతాలు లేకుండా ఊరంతటిదీ.

రెండోది హిప్పర్గా దగ్గరి ఏకరూఖ్ చెరువు. ఆదిలా నది మీద ఆనకట్ట కట్టి 1871లో పూర్తి చేశారు. మొదట సాగు కోసం కట్టినా, తర్వాత నగరం దాహం కూడా తీర్చింది.

మూడోది విజాపూర్ రోడ్డులోని కంబర్ తలావ్. ఇప్పుడు ధర్మవీర్ సంభాజీ తలావ్ అంటున్నారు. చలికాలంలో పక్షులు చూడటానికి మా బడి పిల్లలం వెళ్లింది అక్కడికే.

1980లో భీమా నది మీద ఉజనీ ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు నగరానికి ఎక్కువ నీళ్లు అక్కడి నుంచే వస్తాయి. దూరం నుంచి పైపులో నీళ్లు వస్తున్నప్పుడు పక్కనున్న చెరువును ఎవరు పట్టించుకుంటారు? చెరువు తాగే నీళ్లు ఇచ్చినన్నాళ్లూ జనం దాన్ని కాపాడారు. నల్లా వచ్చాక చెరువు చూసే చోటు అయింది, ఆ తర్వాత చెత్త వేసే చోటు అయింది. మా జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఇంత తక్కువ వాన ఉన్నచోట ఇది చిన్న నష్టం కాదు.

అందం కోసం వచ్చిన కలుపు

సంభాజీ తలావ్‌లో పచ్చని ఆకులు, ఊదా పూలు చాపలా పరచుకొని ఉండటం మీరు చూసే ఉంటారు. మరాఠీలో జలపర్ణి, తెలుగులో గుర్రపు డెక్క. చాలామంది దాన్నే తామర అనుకుంటారు. అది తామర కాదు, మన మొక్క కూడా కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వు అందంగా ఉందని తోటల కోసం దేశదేశాలకు తీసుకెళ్లారు. 1884లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ప్రపంచ పత్తి ప్రదర్శన జరిగింది. ఆ దేశంలో ఈ మొక్క వ్యాపించడం అక్కడే మొదలైందని చెబుతారు. పత్తి పేరుతో జరిగిన పండుగలో ఈ కలుపు పంచారంటే, నేతగాళ్ల పిల్లలుగా మాకు వింతగా అనిపించింది. మన దేశంలో ముందు బెంగాల్‌కు వచ్చింది. కాలువలు, వరిచేలు నిండిపోతే 1936లో బెంగాల్ ప్రభుత్వం దాన్ని తీసేయడానికి ఒక చట్టమే చేయాల్సి వచ్చింది.

అందుకే మా తోటలో మొదటి నియమం ఇది: గుర్రపు డెక్క పెట్టకూడదు, మా తోట మొక్క ఏదీ బయట చెరువులో వేయకూడదు.

మా గల్లీ హౌదు

మా బడి దగ్గరి గల్లీలో మూతపడిన ఒక రంగు కారఖానా ఉంది. దాని వాకిట్లో రాతితో, సున్నంతో కట్టిన హౌదు ఉంది. ఒకప్పుడు అద్దకం అయిన నూలును అందులో జాడించేవాళ్లు. పనులు ఆగాక అది ఎండిపోయి, సీసాలు, చెత్తతో నిండింది. కారఖానా యజమాని తాతను అడిగితే, "వాడుకోండి, పాడుచేయకండి" అన్నాడు.

నాలుగు ఆదివారాలు చెత్త తీశాం. గోడలకు పాత రంగు ఇంకా అంటుకొని ఉంది. అది నీళ్లలో కలవకుండా లోపలంతా మందపాటి తాడపత్రి పరిచాం. అడుగున పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి మట్టి, బాగా చివికిన పేడ కొంచెం వేశాం. పచ్చి పేడ వేస్తే నీళ్లు కుళ్లిపోతాయి. కలువ దుంపలు ఒక నర్సరీ మామ ఇచ్చాడు. తామరకు పూజాసామాను దుకాణంలో దొరికే కమల్‌గట్టా గింజలు కొన్నాం.

తామర గింజ పెంకు రాయిలా ఉంటుంది. ఒక కొనను గరుకు రాయి మీద తెల్లని పప్పు కనిపించేదాకా రుద్ది, గ్లాసు నీళ్లలో వేస్తే వారం లోపే మొలక వస్తుంది. రుద్దకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. 1951లో జపాన్‌లో ఇచిరో ఓగా అనే శాస్త్రవేత్త సుమారు రెండువేల ఏళ్ల నాటి తామర గింజలు తవ్వి తీశాడు. వాటిలో ఒకటి మొలిచి మరుసటి ఏడాది పూసింది. అది చదివాక ఆ చిన్న గింజ మీద మాకు గౌరవం పెరిగింది.

కలువకూ తామరకూ తేడా కూడా చెబుతాను. కలువ ఆకుకు ఒకచోట చీలిక ఉంటుంది, నీటి మీద తేలుతుంది. తామర ఆకు గుండ్రం, చీలిక ఉండదు, పెరిగాక నీళ్ల పైకి లేస్తుంది. దాని మీద నీటిబొట్టు నిలవదు, పాదరసంలా జారిపోతుంది.

నీళ్లు ఎవరివి?

ఇక అసలు గొడవ ఇక్కడ వచ్చింది. హౌదు నింపుదామనుకున్న రోజు గల్లీలోని అమ్మలు వచ్చారు. అందరికన్నా ముందు ఒక పెద్దమ్మ మాట్లాడింది. ఆమె బీడీలు చుడుతుంది. కిందటి వానాకాలంలో ఆమె మనవడికి డెంగీ వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

"నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తది. మా డ్రమ్ములే నిండవు, మీ పువ్వులకు నీళ్లు కావాలా? నీళ్లు నిలవ పెట్టి మళ్లా దోమలు పెంచుతరా? మొరం పోసి పూడ్చేయండి ఆ హౌదును" అన్నది.

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మా దగ్గర అప్పుడు జవాబు లేదు. సైన్స్ మేడం పదిహేను రోజులు గడువు అడిగింది. మేము కూర్చొని ఆలోచించి మూడు షరతులు రాసి గల్లీలో అంటించాం. ఒకటి, నల్లా నీళ్లు ఒక్క బిందె కూడా వాడం. రెండు, హౌదులో లార్వాలు కనిపిస్తే అదే రోజు ఖాళీ చేస్తాం. మూడు, ప్రతి ఆదివారం గల్లీలో అందరి డ్రమ్ములూ మేమే చూస్తాం.

నీళ్ల కోసం కారఖానా రేకుల కప్పుకు పైపు కట్టి వాన నీళ్లు పట్టాం. వాన లేనప్పుడు జార్లలో నీళ్లమ్మే ప్లాంటు వాళ్లు మోరీలోకి వదిలేసే నీళ్లు తెచ్చి, వాన నీళ్లతో కలిపి పోశాం. దోమల కోసం గప్పీ చేపలు వేశాం. అవి లార్వాలను తినేస్తాయి.

మూడో షరతు వల్లే కొత్త సంగతి తెలిసింది. గప్పీలున్న హౌదులో లార్వా ఒక్కటీ లేదు. ఇళ్లలోని డ్రమ్ముల్లో మాత్రం చాలాచోట్ల ఉన్నాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మురికి గుంటలో కన్నా నిలవ ఉన్న మంచినీళ్లలోనే ఎక్కువ గుడ్లు పెడుతుంది. నల్లా రోజూ రాదు కాబట్టి మనం నీళ్లు నిలవ పెడతాం, నిలవ పెట్టినచోటే దోమ పుడుతుంది. తప్పు అమ్మలది కాదు, డ్రమ్ముకు సరైన మూత లేకపోవడం అసలు సమస్య.

మూత ఎట్లా అంటే దానికి మందు మన పేటలోనే ఉంది. లూమ్ కారఖానాల్లో చెడిపోయిన చద్దర్ ముక్కలు పడి ఉంటాయి. అవి అడిగి తెచ్చి, డ్రమ్ము మూతికి సరిపడా కోసి, పాత సైకిల్ ట్యూబు రింగులతో బిగించాం. గాలి ఆడుతుంది, దోమ దూరదు. మొదటి మూత ఆ పెద్దమ్మ డ్రమ్ముకే కట్టాం. "ఉంచుకోండి మీ పూలు. కానీ వారం వారం రాకపోతే మొరం నేనే తెస్తా" అన్నది. ఇప్పటిదాకా ఒక్క ఆదివారం కూడా మానలేదు. పరీక్షలప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లు చూశారు.

మొదటి ఏడు కలువలు పూశాయి. బతుకమ్మ అప్పుడు అదే పెద్దమ్మ వచ్చి ఐదు కలువలు అడిగి తీసుకుపోయింది. రెండో ఏడు తామర పూసింది. మూడు రోజులు తెరుచుకుంటూ ముడుచుకుంటూ ఉండి, నాలుగో రోజు రేకులు రాలాయి. కాయలోని గింజలు ఎండబెట్టి దాచాం. కొత్తగా చేరే పిల్లలకు తలా రెండు ఇస్తాం.

ముగింపు

సిద్ధరామేశ్వరుడు చెరువు తవ్వించాడని చదువుతాం. కానీ ఆ చెరువు ఎనిమిది వందల ఏళ్లు నిలిచిందంటే, తవ్వినవాళ్ల తర్వాత దాన్ని కాపాడినవాళ్లు కూడా ఉన్నారన్నమాట. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చెరువు మనకు అవసరం లేదనుకున్న రోజునే అది చెడిపోవడం మొదలవుతుంది. చెరువైనా, హౌదైనా, ఇంట్లో డ్రమ్మైనా లెక్క ఒక్కటే.

తల్లిదండ్రులకు మా మనవి. మీ కారఖానా వాకిట్లో పాత హౌదు ఉంటే పూడ్చే ముందు ఒకసారి మాకు చెప్పండి. తోటకు పనికొస్తే తోట చేస్తాం, లేకపోతే వాన నీళ్లు పట్టడానికి చూస్తాం. పూజ పూలు, ప్లాస్టిక్ సంచులు చెరువులో వేయకండి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట: ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు హౌదు దగ్గర ఉంటాం. గప్పీలు చూడటానికి వచ్చినా సరే, డ్రమ్ములు చూసే పని మాత్రం తప్పదు.