పురుషోత్తమ చౌదరిగారి మారుమనస్సు

మతము మార్చుకొన్నవారి చరిత్రము వ్రాయువారు సాధారణముగా బాప్తిస్మపు దినమునొద్దనే నిలిచిపోవుదురు. లెక్కింప వీలైనది అదియే గదా! పర్లాకిమిడి ప్రాంతమున 1803లో వంగ బ్రాహ్మణ కుటుంబమునఁ బుట్టి, శ్రీకాకుళమునఁ గ్రైస్తవుల సాంగత్యము పొంది, 1833లో కటకమున బాప్తిస్మము పుచ్చుకొన్న పురుషోత్తమ చౌదరిగారి విషయమున మాకు దాని తరువాతి 57 వత్సరములే ముఖ్యములని తోఁచుచున్నది.

పశ్చాత్తాపమనఁగా వెనుక పుట్టిన తాపము, తాపము చల్లారవచ్చును. తెలుఁగు బైబిలులోని 'మారుమనస్సు' అను మాట గ్రీకు మూలమునకు దగ్గఱయై, బుద్ధియే మఱలుటను దెలుపును. సంస్కృతాభిమానులమయ్యు మేమీ తేటమాటకే యోటు వేయుదుము.

బుద్ధి యొక్కనాఁడు మఱలునా? బోధకుఁడై యీ సీమలో సంచరించిన చౌదరిగారి కీర్తనలను జూడుఁడు. అందలి పాపి యొకసారి మొఱపెట్టి యూరకుండఁడు. ప్రతిచరణము వెనుకను పల్లవికి వచ్చినట్లే క్షమాభిక్షకును మరల మరల వచ్చును. అదియును బాప్తిస్మము పొందినవాని నోట! జందెము విడిచినవాఁడు రాగతాళములను, పల్లవ్యనుపల్లవుల కట్టడిని విడువలేదేమని యాక్షేపించువారు కలరు. తన పాపమును బరభాషలోనో, ఎరువు తెచ్చిన రాగములోనో యొప్పుకొనుట యెవరికి సాధ్యము? 1890లో ఆయన గతించెను. ఆ పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను గ్రంథమునఁ జేరి, నేఁటికిని తెలుఁగు దేవాలయములఁ బాడఁబడుచున్నవి.