విద్యార్థిది ఏ ఊరు?

ప్రజాస్వామ్యాన్ని గురించి రాసేటప్పుడు మన విమర్శకులు, చరిత్రకారులు పార్లమెంట్ల దగ్గరా రాజ్యాంగాల దగ్గరా ఆగిపోతారు. అధికారం లేని చిన్న సంఘాల వంక చూడరు. కాని ఒక సమాజం ఎవరిని తనవాడుగా లెక్కిస్తుందో, ఎవరిని పరాయివాడుగా పక్కన పెడుతుందో ఆ చిన్న సంఘాల ఎన్నికల్లోనే బట్టబయలవుతుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, జార్జ్‌టౌన్ అనే పేటలో 1996లో జరిగిన ఎన్నిక అటువంటిదే. పోటీ శాసనసభకు కాదు, నగర మండలికీ కాదు. సభ్యులకు జీతం లేని, ఉత్తర్వు వేసే అధికారం లేని పేట సలహా సంఘానికి. నిలబడినవారిలో ఇద్దరు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఇద్దరూ గెలిచారు. వారికి ఓటు వేసిన విద్యార్థులు అసలు ఈ ఊరివారే కాదంటూ పేటలోని పాతకాపులు కొందరు కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యాలు 2000 దాకా సాగాయి.

సలహా చెప్పే కుర్చీ కోసం నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందు ఆ నగరం కథ తెలియాలి.

వాషింగ్టన్ ఏ రాష్ట్రంలోనూ లేదు. 1874 నుంచి నూరేళ్ల పాటు ఆ నగర ప్రజలకు తమ స్థానిక పాలకులను ఎన్నుకునే హక్కు లేదు. అధ్యక్షుడు నియమించినవారే పాలించారు. అధ్యక్ష ఎన్నికలో ఓటు వేసే హక్కు కూడా 1961లో వచ్చిన ఇరవై మూడవ సవరణతోనే దక్కింది. 1970 నాటి లెక్కల ప్రకారం నగర జనాభాలో నూటికి డెబ్భై మందికి పైగా నల్లజాతివారు. నల్లవారు మెజారిటీగా ఉన్న నగరానికి స్వపరిపాలన ఇవ్వటానికి కాంగ్రెసు అంతకాలం ఎందుకు తాత్సారం చేసిందో పాఠకులు ఊహించుకోగలరు. పౌరహక్కుల ఉద్యమం ఒత్తిడి పెరిగిన తర్వాత 1973 డిసెంబరులో స్వపరిపాలన చట్టం వచ్చింది. 1974 మేలో ప్రజలు దాన్ని ఓటు ద్వారా ఆమోదించారు. అదే రోజు విడిగా మరొక ప్రశ్న కూడా అడిగారు: పేట పేటకూ ఎన్నికైన సలహా సంఘాలు ఉండాలా, వద్దా? ఉండాలనే అన్నారు జనం. 1976లో మొదటి సలహా సంఘాలు ఎన్నికయ్యాయి.

ఈ సంఘాల నిర్మాణం గమనించదగింది. దాదాపు రెండువేల మంది జనాభాకు ఒక డివిజన్, డివిజన్‌కు ఒక సభ్యుడు, రెండేళ్ల పదవి. పార్టీ గుర్తులుండవు. పోటీ చేయదలచినవాడు ఆ డివిజన్‌లో అరవై రోజులుగా నివాసముండి, అక్కడి ఓటర్లలో పాతిక మంది సంతకాలు తెచ్చుకుంటే చాలు. డిపాజిట్ సొమ్ముకు తడుముకునే మన అభ్యర్థికి ఇది విచిత్రంగానే కనపడుతుంది. మద్యం దుకాణానికి లైసెన్సు, కొత్త కట్టడానికి అనుమతి, వీధిలో కార్లు నిలిపే చోటు – ఇలాంటి వాటి మీద నగర ప్రభుత్వం ముందుగా ఈ సంఘానికి తెలియజేయాలి. సంఘం చెప్పిన సలహాకు ‘అధిక ప్రాధాన్యం’ ఇవ్వాలని చట్టంలో ఉంది.

ప్రాధాన్యం అంటే ఎంత? 1977లో ఒక మద్యం లైసెన్సు తగాదాలో ఆ నగరపు అప్పీలు కోర్టు దీనికి అర్థం చెప్పింది. సలహాను ప్రభుత్వం పాటించి తీరాలని కాదట. కాని సంఘం లేవనెత్తిన ప్రతి అభ్యంతరాన్నీ పేర్కొని, ఎందుకు ఒప్పుకోవటం లేదో కారణాలతో రాతపూర్వకంగా చెప్పి తీరాలట. చూడటానికి ఇది చిన్న విషయమే. కాని కారణం చెప్పకుండా ఉత్తర్వు వేయటానికి అలవాటు పడిన ఏ కార్యాలయానికైనా కారణం రాయవలసిరావటమే పెద్ద శిక్ష. దాన్ని మళ్లీ కోర్టులో పరీక్షకు పెట్టవచ్చు. సలహా సంఘానికి ఉన్న బలమంతా ఆ కాగితంలో ఉంది. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది యజమానులకు పట్టింపు.

ఇక జార్జ్‌టౌన్ సంగతి. విశ్వవిద్యాలయం 1789లో స్థాపితమైంది. పేట అంతకన్నా పాతది. వాషింగ్టన్ నగరంలో కలిసిపోయేదాకా, అంటే 1871 దాకా, అది వేరే పట్టణం. ఈనాడు అది నగరంలో ధనికుల పేట. విశ్వవిద్యాలయం ఒక వసతిగృహం కట్టాలన్నా, విద్యార్థుల సంఖ్య పెంచాలన్నా, క్యాంపస్ ప్లాన్ సమర్పించి నగర జోనింగ్ సంస్థ ఆమోదం పొందాలి. ఆ ప్లాన్ మీద సలహా సంఘం అభిప్రాయానికి పైన చెప్పిన ప్రాధాన్యం ఉంటుంది. వసతిగృహంలో చోటు లేని విద్యార్థి పేటలో ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. పక్కింటివాడు రాత్రిళ్ల అల్లరి గురించి, చెత్త గురించి, కారు పెట్టుకోవటానికి చోటు లేకపోవటం గురించి ఫిర్యాదు చేస్తాడు. అంటే విద్యార్థి ఎక్కడ నివసించాలి, ఒక ఇంట్లో ఎంతమంది ఉండవచ్చు అన్న విషయాలు విద్యార్థి లేని గదిలో చర్చకు వస్తాయి. 1996లో ఆ ఇద్దరూ నిలబడింది ఆ గదిలోకి ప్రవేశించటానికే.

పాతకాపుల వాదనలో నిజం బొత్తిగా లేదనటం న్యాయం కాదు. నాలుగేళ్లుండి పోయేవాడు ముప్ఫై ఏళ్లు నిలిచే కట్టడం మీద ఓటు వేస్తాడు, దాని ఫలితం అనుభవించేది మేం గదా అన్నది వారి బాధ. తెల్లవారుజాము దాకా పక్కింటి పాటలు విన్నవారు చెప్పే మాటను తేలిగ్గా కొట్టివేయలేం. కాని ఆ బాధను వారు విధానపరమైన ప్రశ్నగా పెట్టలేదు, పౌరసత్వపు ప్రశ్నగా మార్చారు. ‘నీ అలవాటు బాగాలేదు’ అనవలసినచోట ‘నువ్వు ఈ ఊరివాడివి కావు’ అన్నారు. అక్కడే వర్గ స్వభావం బయటపడింది. ఇరవై ఏళ్లు ఒకే ఊళ్లో పాఠం చెప్పినా ‘పై ఊరి మేష్టారు’గానే మిగిలిపోయే మావంటి వారికి ఈ మాట కొత్తదేం కాదు.

పైగా ఇందులో ఒక వంచన ఉంది. అమెరికా జనాభా లెక్కల్లో 1950 నుంచీ కాలేజీ విద్యార్థిని తల్లిదండ్రుల ఇంట్లో కాక, చదువుకునేచోట ఉన్నవాడిగానే లెక్కిస్తున్నారు. డివిజన్లు గీసేది ఆ లెక్కల మీదనే. అంటే రెండువేల మందితో డివిజన్ ఏర్పడటానికి విద్యార్థి తల కావాలి, ఆ డివిజన్‌లో ఓటు వేయటానికి మాత్రం అతను పరాయివాడు! లెక్కకు పనికివచ్చినవాడు ఎన్నికకు ఎందుకు పనికిరాడు? చివరికి కోర్టుల్లో పాతకాపుల వాదన నెగ్గలేదు.

ఇదే తగాదా వేరొకచోట మరింత క్రూరంగా జరిగింది. టెక్సాస్ రాష్ట్రం వాలర్ కౌంటీలో ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతివారి విశ్వవిద్యాలయం 1876లో ఒక పాత బానిస తోట నేల మీద వెలిసింది. 1971లో ఇరవై ఆరవ సవరణ ద్వారా పద్ధెనిమిదేళ్లవారికి ఓటు వచ్చిన తర్వాత, ఆ కౌంటీ ఓటర్ల నమోదు అధికారి విద్యార్థులకు ఒక ప్రశ్నాపత్రం ఇవ్వసాగాడు. ఈ కౌంటీలో నీకు ఆస్తి ఉందా? కారు ఇక్కడ రిజిస్టరు చేయించావా? కాలేజీకి సంబంధించని చర్చిలోగాని క్లబ్బులోగాని సభ్యుడివా? చదువయ్యాక ఎక్కడుంటావు? తెల్ల రైతు ఎదుర్కోని ప్రశ్నలు నల్ల విద్యార్థికి ఎదురయ్యాయి. 1979లో సుప్రీంకోర్టు, ఇది రాజ్యాంగ విరుద్ధమన్న కింది కోర్టు తీర్పును ఖాయం చేసింది. విద్యార్థి ఓటుహక్కుకు ఆధారంగా ఈనాటికీ చూపించే తీర్పు ఇదే. అయినా 1992లో అక్కడే పందొమ్మిది మంది విద్యార్థుల మీద అక్రమ ఓటు నేరం మోపారు, తర్వాత ఉపసంహరించుకున్నారు. 2004లో మళ్లీ కౌంటీ ప్రాసిక్యూటర్ అదే పాట పాడితే విద్యార్థులు న్యాయస్థానం దాకా నడిచి వెళ్లారు.

జార్జ్‌టౌన్‌కూ ప్రెయిరీ వ్యూకూ తేడా ఉంది, దాన్ని చెరిపేయకూడదు. జార్జ్‌టౌన్ విద్యార్థి చాలావరకు కలిగినవారి బిడ్డ. అక్కడి కొట్లాట ఇల్లున్న ధనికుడికీ ఇంకా ఇల్లు కొనని ధనికుడి కొడుక్కీ మధ్య కొట్లాట అని ఎవరైనా ఎత్తిపొడిస్తే కాదనలేం. ఆ గదిలో ఇద్దరూ కాని మూడవ మనిషి ఒకడున్నాడు, ఉండేవాడు. పందొమ్మిదో శతాబ్దంలో జార్జ్‌టౌన్ జనాభాలో సుమారు మూడోవంతు నల్లవారు. హెర్రింగ్ హిల్ అనే వాడలో వారి ఇళ్లుండేవి, 1816 నాటి మౌంట్ జయన్ చర్చి ఇంకా ఉంది. 1930ల తర్వాత ప్రభుత్వోద్యోగులు, సంపన్నులు ఆ పాత ఇళ్లు కొని బాగుచేసుకోవటం మొదలుపెట్టారు. 1950లో పేట రూపాన్ని పరిరక్షించే చట్టం కూడా వచ్చింది. ఇళ్లు మిగిలాయి, మనుషులు పోయారు. ‘మేం స్థానికులం’ అని 1996లో కోర్టుకెక్కిన పేట చరిత్ర ఇది. సలహా సంఘం పుట్టేనాటికే సలహా అడగవలసినవారిలో అనేకులు ఊరు విడిచారు.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 2010లో విశ్వవిద్యాలయం పెట్టిన క్యాంపస్ ప్లాన్ రెండేళ్లు తగాదాలో నలిగి 2012లో ఒప్పందంతో ముగిసింది. మరింతమంది విద్యార్థులను క్యాంపస్‌లోపలే ఉంచటానికి విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. పాతకాపులు కోరినదీ దాదాపు అదే. అదే ఏడాది విద్యార్థులు ఆ సంఘంలో మళ్లీ గెలిచారు. కుర్చీ దొరికింది గాని, ఎక్కడ నివసించాలన్న ప్రశ్న దగ్గర గెలిచిందెవరో పాఠకులే తేల్చుకోవచ్చు.

మన విద్యార్థులు కూడా ఈ కథలో ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి అమెరికా విశ్వవిద్యాలయాల పక్కన నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకునే పిల్లలు జనాభా లెక్కల్లో అక్కడివారే. ఓటు మాత్రం లేదు. ఒక ఇంట్లో ఇంతమంది మించకూడదన్న నిబంధన వచ్చినప్పుడు అందరికన్నా ముందు దెబ్బ తగిలేది వారికే. వాషింగ్టన్ నగర మండలి 2022లో ఒక చట్టం చేసి, పౌరులు కానివారికి కూడా స్థానిక ఎన్నికల్లో ఓటు ఇచ్చింది. సలహా సంఘాల ఎన్నిక అందులో భాగమే. 2024లో అటువంటివారు ఓటు వేశారు. 2023లోనూ 2024లోనూ కాంగ్రెసు ప్రతినిధుల సభ ఆ చట్టాన్ని తోసిపుచ్చాలని ఓటు చేసింది. ప్రవాస జీవితం మీద మన కథకులు వీసా గురించి, పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ గురించి, ఇంటి బెంగ గురించి రాశారు. అద్దె ఇంటి వీధిలో జరిగే ఈ పంచాయితీ వంక చూసినవారు అరుదు. అక్కడ కథకు సరుకు లేదనుకోవటం పొరపాటు.

నిజానికి సలహా స్థాయిలో ఉన్నది విద్యార్థి ఒక్కడే కాదు. ఆ నగరం మొత్తం అదే స్థితిలో ఉంది. నగర మండలి చేసిన నేరశిక్షాస్మృతిని 2023 మార్చిలో కాంగ్రెసు రద్దు చేస్తే అధ్యక్షుడు సంతకం పెట్టాడు. కాంగ్రెసు దిగువ సభలో ఆ నగర ప్రతినిధి మాట్లాడవచ్చు, చట్టం మీద తుది ఓటు వేయరాదు. పేట నగరానికి సలహా చెబుతుంది, నగరం దేశానికి సలహా చెబుతుంది.

విశ్వవిద్యాలయం గోడల లోపల మాత్రం వేరుగా ఉందా? 1838లో దాన్ని నడిపే జెసూట్ మతగురువులు సంస్థ అప్పులు తీర్చటానికి తమ తోటల్లోని 272 మంది బానిసలను లూసియానాకు అమ్మారు. వారి సంతతికి సాయంగా ప్రతి విద్యార్థీ సెమిస్టరుకు 27 డాలర్ల 20 సెంట్లు కట్టాలన్న ప్రతిపాదనను 2019 ఏప్రిల్లో విద్యార్థులు తామే ఓటుకు పెట్టుకున్నారు. మూడింట రెండు వంతుల మంది అవునన్నారు. ఆ ఓటుకు యాజమాన్యం కట్టుబడి ఉండనక్కరలేదు, అది కూడా సలహాయే. అక్టోబరులో యాజమాన్యం విరాళాలతో నడిచే ఒక నిధిని ప్రకటించింది. విద్యార్థులు తమ మీద తామే వేసుకున్న ఆ రుసుము ఏ ఫీజు చీటీలోనూ చేరలేదు.