కళాశాలలో తొలిదినములు

తనకల్లు ప్రాంతమున వానలు తప్పిన యేట వేరుసెనగచేనితోపాటు పిల్లల చదువును వాడిపోవును. అట్టి పల్లెనుండి యొక బాలిక కదిరికో, మదనపల్లెకో, అనంతపురమునకో కళాశాలచదువునకు బయలుదేరునపుడు తల్లిదండ్రులు రుసుమును, పెట్టెను, పడకను సిద్ధపరతురు. అచ్చట తొలిదినములలో నేమి జరుగునో చెప్పువారు మాత్రము చాల యిండ్లలో నుండరు. కావున ఈ విషయమునకు గల చరిత్రను కొంత విన్నవించుచున్నాము.

మన పూర్వులు విద్యాప్రవేశమునకు ఉపనయన మనుదాని నేర్పరచిరి. దగ్గరకు తీసికొనుట యని యా మాటకు అర్థము. భావము గొప్పదే, కాని యా చేరదీత స్త్రీలకును, శ్రమజీవుల బిడ్డలకును దక్కలేదు. ఐరోపాలో మధ్యయుగమునాటి విశ్వవిద్యాలయములలో కొత్తవానిని పసుపుముక్కువాడని, అనగా రెక్కలురాని పక్షిపిల్ల యని పిలిచిరి. జర్మను విద్యాలయములలో వాని తలకు కొమ్ములు తగిలించి, వానిని ఊడదీసి, మృగత్వము వదలినదని చాటి, విందుఖర్చు వానిచేతనే పెట్టించెడివారు. నేటి ర్యాగింగు అట్టి పరిహాసముల జాతిలోనిదే.

మన సీమను 1800లో నైజాము ఆంగ్లేయుల కిచ్చుటచే దీనికి దత్తమండలములని పేరు వచ్చెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను గాని, ఈ మెట్టపల్లెలకు అది మిక్కిలి దూరము. 1915లో మదనపల్లెయందు అనిబిసెంటమ్మగారు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల నెలకొనెను. ఇల్లూరను పల్లెలో 1913లో జన్మించి, పిమ్మట రాష్ట్రపతియైన నీలం సంజీవరెడ్డిగారు ఈ కళాశాలలో చదివినవారే. అయినను కళాశాల దగ్గరకు వచ్చినంతమాత్రమున, అది కొత్తవారిని దగ్గరకు తీసికొనునని చెప్పరాదు గదా!

ఆ పని చట్టముచేత కొంత జరిగినది. 1997లో మన రాష్ట్రమున ర్యాగింగు నిషేధచట్టము వచ్చెను. కొత్తవారిని ఎగతాళిచేసి అవమానించినను 6 నెలలవరకు కారాగారము విధింపవచ్చును. 2009లో యు.జి.సి. చేసిన నిబంధనలప్రకారము విద్యార్థియు, తల్లిదండ్రులును ర్యాగింగునకు విరుద్ధముగా ప్రమాణపత్రము లీయవలయును. 2017లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగు కళాశాలలకు మూడువారముల పరిచయకార్యక్రమము నిర్ణయించెను. 2019లో యు.జి.సి. దీక్షారంభమను పేర నట్టిదానినే తక్కిన కళాశాలలకును సూచించెను. అధ్యాపకులతో పరిచయము, గ్రంథాలయదర్శనము, ఆటపాటలు, చిన్నచిన్న జట్లకు ఒక్కొక్క మార్గదర్శకుడు – ఇవి దానిలోని ముఖ్యాంశములు. తెలుగుమాధ్యమమున చదివి ఇంగ్లీషుపాఠములకు బెదరు పిల్లకు ఈ దినములు పాఠములకంటె తక్కువవి కావు. వానిని వృథాకాలమని తలంచి, ఆలస్యముగా పంపరాదు.

ఇక గృహస్థులతో ఒక్కమాట. తొలివారమున అవమానము జరిగినచో, కొడుకుతో "ఓర్చుకొమ్ము, మగవాడవు" అందురు. కూతురిని ఇంటికి రప్పించి పెండ్లిమాట లారంభింతురు. ఈ రెండును తప్పులే. మొదటిది అన్యాయమును మరుసటియేటికి పెంచును; ఆ కుర్రవాడే పైతరగతికి పోయి కొత్తవారిని ఏడిపించును. రెండవది నేరము చేసినవారిని విడిచి, నిరపరాధిని శిక్షించును. ప్రధానాచార్యునకు వ్రాతమూలముగా ఫిర్యాదుచేయుడు. 1800-180-5522 సంఖ్యకు ఫోనుచేయుడు. బిడ్డను మాత్రము చదువునుండి మాన్పింపకుడు.

పల్లెనుండి ముందుగా వెళ్లి చదువుచున్న అక్కలును, అన్నలును ఆ తొలి ఉదయమున కళాశాలగుమ్మముకడ నిలిచి కొత్తవారిని చేయిపట్టి లోనికి తీసికొనిపోయిరేని, ఉపనయనమను మాటకు నిజమైన యర్థము అందరి బిడ్డలకును అప్పుడు దక్కును.