ఎవరి గుద్దు గట్టిది?

నేను కాపురానికి బోయిగూడ వచ్చింది 1974 వేసవిలో. మా ఇంటికి ఒక పక్క టింబర్ డిపో, రెండో పక్క కూడా టింబర్ డిపోయే. పొద్దస్తమానం రంపం చప్పుడు. గాలి తిరిగిందంటే చాలు, పోపుడబ్బా దాకా రంపప్పొట్టు. ఒకప్పుడు పల్లకీలు మోసే బోయీలుండే గూడెం గనక బోయిగూడ అయిందని మా మామగారు చెప్పేవారు. "ఇప్పుడు పల్లకీలు పోయి దుంగలొచ్చాయి. మోసేవాళ్ళు మోస్తూనే ఉన్నారు" అని ముక్తాయించేవారు మా అత్తగారు.

సాయంత్రం ఆరయ్యేసరికి మా అరుగు మీద సభ తీరేది. రైల్వేలో పనిచేసే మా మామగారు, పక్క డిపో సేఠ్‌గారు, పటాలంలో చేసి రిటైరైన ఒక సుబేదారుగారు, కాలేజీలో చదువుతున్న మా మరిది. ధరలూ, రాజకీయాలూ అయ్యాక, ఎక్కడ తిరిగినా చర్చ ఒక్కచోటికే వచ్చి ఆగేది. ప్రపంచంలో ఎవరి గుద్దు గట్టిది?

ఆ రోజుల్లో తెలుగు పత్రికలు బాక్సింగును ముష్టియుద్ధం అని రాసేవి. కొత్తలో నేను అది ముష్టివాళ్ళ తగాదా కాబోలనుకుని, "పాపం, అన్నం పెట్టి పంపకపోయారా?" అన్నాను. ఆ ఏడాదంతా మా మరిది నన్ను ఏడిపించడానికి ఆ మాట చాలింది.

తమాషా ఏమిటంటే, అంత వాదించేవాళ్ళలో సుబేదారుగారు తప్ప ఎవరూ ఒక్క గుద్దు కూడా కళ్ళారా చూసినవారు కాదు. హైదరాబాదుకి దూరదర్శన్ వచ్చిందే 1977 అక్టోబరులో. ఆయన మాత్రం పటాలంలో పోటీలు చూశారు, సినిమాకి ముందు వేసే వార్తాచిత్రాలూ చూశారు. మిగిలినవాళ్ళకి రేడియో, పేపరూ, పేపర్లో మసకబారిన బొమ్మా. అంచేత ఎవరి గుద్దు బలం వాళ్ళ గొంతు బలాన్ని బట్టి ఉండేది!

సుబేదారుగారి దేవుడు జో లూయీ. 1936లో జర్మనీవాడు మాక్స్ ష్మెలింగ్ చేతిలో ఓడిపోయి, 1938లో మళ్ళీ అతన్నే 124 సెకన్లలో పడగొట్టాడు. "రెండు నిమిషాలు! అమ్మాయి కాఫీ కలిపి తెచ్చేలోపల అయిపోయింది" అనేవారు. మా మామగారిది రాకీ మార్సియానో పక్షం. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. చూడబోతే మనిషి 84 కిలోలే. "ఆ లూయీని 1951లో పడగొట్టినవాడు మావాడే" అని మామగారు మీసం దువ్వితే, "అప్పటికి లూయీకి 37 ఏళ్ళు. ముసలివాణ్ణి కొట్టడం ఒక గొప్పా?" అని సుబేదారుగారు లేచి నిలబడేవారు. అక్కడితో టీ చల్లారిపోయేది.

మా మరిదికి జార్జి ఫోర్‌మన్ అంటే ప్రాణం. 1973 జనవరిలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు నేల కరిపించాడు. ఫ్రేజియరంటే అంతకు రెండేళ్ళ ముందు మహమ్మద్ అలీని ఓడించినవాడు! ఇక సేఠ్‌గారు అలీ పక్షం. "గుద్దు గట్టిదైతే సరా భాయ్, తగలొద్దూ?" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ మాటకొస్తే చరిత్ర సేఠ్‌గారి మాటకి చాలా ముందే సాక్ష్యం చెప్పింది. జాన్ సల్లివాన్ అని గ్లవ్స్ లేని రోజుల నాటి వస్తాదు. 1889లో ఉత్త పిడికిళ్ళతో 75 రౌండ్లు పోరాడి గెలిచాడు. అలాంటివాణ్ణి 1892లో జేమ్స్ కార్బెట్ అనే ఆయన 21 రౌండ్లలో ఓడించాడు. కార్బెట్ అంతకుముందు బ్యాంకు గుమాస్తా! కాళ్ళు చురుగ్గా కదుపుతూ, అందకుండా తప్పించుకుంటూ పెద్దవాణ్ణి అలసగొట్టేశాడు.

ఇక 1974 అక్టోబరు 30. ఇప్పుడు కాంగో అంటున్న ఆనాటి జైర్‌లో, కిన్షాసా నగరంలో అలీకీ ఫోర్‌మన్‌కీ పోటీ. అక్కడ తెల్లవారుజామున నాలుగు, మనకి పొద్దున ఎనిమిదిన్నర. మామగారూ మరిదీ సేఠ్‌గారూ జిలేబీ పందెం కాసుకున్నారు. ఫోర్‌మన్‌కి 25 ఏళ్ళు, 40కి 40 గెలుపులు, 37 నాకౌట్లు. అలీకి 32. అలీ చస్తాడని లోకమంతా భయపడింది. అలీ ఏం చేశాడయ్యా అంటే, రింగు తాళ్ళకి చేరగిలబడి, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని, "కొట్టు, కొట్టు" అని కొట్టనిచ్చాడు. చేతుల మీదా డొక్కల మీదా పడ్డ దెబ్బలకి లెక్కే లేదు. కొట్టి కొట్టి ఫోర్‌మన్ అలసిపోయాడు. ఎనిమిదో రౌండులో అలీ కొట్టాడు. ఫోర్‌మన్ పడ్డాడు.

ఆ సాయంత్రం సేఠ్‌గారు గెలిచిన జిలేబీ మా ఇంట్లోనే పంచారు. మరిది ముట్టుకోలేదు. అప్పుడు మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి అన్న మాట నాకింకా గుర్తు. "యుద్ధకాండలో రావణుడూ హనుమంతుడూ చెరో దెబ్బా కొట్టుకున్నారు కదూ? హనుమంతుడి దెబ్బకి రావణుడు తూలి, తేరుకుని, శెభాషన్నాడు. హనుమంతుడు పొంగిపోయాడా? నువ్వింకా బతికున్నావంటే నా బలమెందుకని సిగ్గుపడ్డాడు. కొట్టినవాడి గొప్ప కొట్టించుకున్నవాడే చెప్పాలి. అరుగు మీద కూచున్నవాళ్ళు కాదు" అని లోపలికి వెళ్ళిపోయారు. సభ ఆ పూటకి ముగిసింది.

ఆవిడ మాట పట్టుకునే తరవాత తరవాత నేను ఈ చరిత్ర చదవడం మొదలెట్టాను. కొట్టించుకున్నవాళ్ళు ఏం చెప్పారు?

ఎర్నీ షేవర్స్ అని ఒకాయన. చాంపియన్ కాలేదు గానీ, ఆయన గెలిచిన 70 పైచిలుకు పోటీల్లో దాదాపు అన్నీ నాకౌట్లే. 1977 సెప్టెంబరులో న్యూయార్కులో అలీ ఆయనతో 15 రౌండ్లు పోరాడి గెలిచాడు. షేవర్స్ కొట్టిన దెబ్బకి ఆఫ్రికాలో ఉన్న తన చుట్టాలు కూడా అదిరిపడ్డారని అలీ చమత్కరించాడు. గుద్దు బలాన్ని గురించి ఎవరు వాదించినా ఈనాటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటారు.

నవ్వుకోని సంగతి ఒకటుంది. ఆ పోటీ తరవాత అలీ వెంట ఉండే డాక్టరు ఫెర్డీ పచేకో పరీక్షల రిపోర్టు చూశాడు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఇక ఆడటం మానమని ఉత్తరాలు రాశాడు. అలీకొకటి, ఆయన మేనేజరుకొకటి, ఆయన భార్యకొకటి. ఎవరి దగ్గర్నుంచీ జవాబు రాలేదు. డాక్టరు ఆ కొలువు వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మూడో ఉత్తరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆవిడ దాన్ని చదివి ఏమనుకుని ఉంటుంది? రాత్రి పక్కన పడుకున్న మనిషి ఊపిరి వింటూ ఏం లెక్క వేసుకుని ఉంటుంది? గుద్దుల చరిత్రలో ఆ లెక్క ఎవరూ రాయలేదు.

మిగిలిన లెక్కలు మాత్రం తరవాత సైన్సు వేసింది. 1985లో బ్రిటన్‌లో పరిశోధకులు ఫ్రాంక్ బ్రూనో అనే హెవీవెయిట్ చేత కొలిచే సాధనం మీద గుద్దించి చూశారు. చెయ్యి కదిలిన క్షణం నుంచి తగిలేదాకా పట్టింది సెకనులో పదోవంతు. తగిలేటప్పటికి పిడికిలి వేగం గంటకి 32 కిలోమీటర్లు. ఆ తాకిడి బలం 4,096 న్యూటన్లు, అంటే 400 కిలోల పైన బరువు ఒక్కసారి మీద పడ్డట్టు. వాళ్ళు చెప్పిన పోలిక వింటే మా బోయిగూడ గుర్తొచ్చింది. మెత్త చుట్టిన ఆరు కిలోల చెక్కసుత్తిని అంత వేగంతో విసిరి కొట్టడంతో సమానమట! మా పక్క డిపోలో చెక్కసుత్తి చప్పుడు వింటే నా గుండె ఇప్పటికీ ఒకసారి ఆగుతుంది.

అంత బలం ఒక్క చేతిలో ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? మనకది చెప్పక్కర్లేదు. రోకలి పట్టినవాళ్ళకి తెలుసు. మణికట్టుతో దంచితే పది పోట్లకే చెయ్యి పడిపోతుంది. పాదం నుంచి, నడుం నుంచి ఊపు వస్తేనే పోటు పడుతుంది. గుద్దూ అంతే. నేలని తన్నిన కాలి బలం తుంటి మీదుగా భుజానికి చేరి పిడికిట్లోంచి బయటికొస్తుంది.

మరి అది తలలో ఏం చేస్తుంది? కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. చిప్ప కదలడం ఆగాక కూడా లోపల నీళ్ళు కదులుతాయి. మెదడు సంగతీ అలాంటిదే. దెబ్బలు తిని తిని మాట తడబడి, నడక తూలే బాక్సర్ల గురించి అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశాడు. గ్లవ్స్ వచ్చాక ఇది తగ్గిందనుకుంటాం. గ్లవ్స్ కాపాడేది ముఖ్యంగా కొట్టేవాడి వేళ్ళని. ఉత్త పిడికిలితో తల మీద కొడితే వేళ్ళెముకలు విరుగుతాయి గనక పూర్వం వెనకాడేవారు. గ్లవ్స్ తొడిగాక ఆ భయం పోయింది.

1980 జనవరిలో అలీ మన దేశం వచ్చాడు. మద్రాసులో జిమ్మీ ఎలిస్‌తో, ఢిల్లీలో మన సైన్యం జవాను కౌర్ సింగ్‌తో సరదా పోటీలు ఆడాడు. ఆ కౌర్ సింగే 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచాడు. అంతకుముందు 1966లో, 1970లో రెండు ఏషియాడ్ల స్వర్ణాలు తెచ్చిన హవా సింగ్ కూడా సైనికుడే. మా సుబేదారుగారు ఈ ఇద్దరి పేర్లూ వస్తే జో లూయీని కూడా కాసేపు పక్కన పెట్టేవారు.

ఆ ఏడాది అక్టోబరులోనే 38 ఏళ్ళ అలీ లారీ హోమ్స్‌తో దిగాడు. దెబ్బలు తిన్నాడే గాని తిప్పికొట్టలేకపోయాడు. పదో రౌండయ్యాక ఆయన శిక్షకుడే పోటీ ఆపించాడు. 1984లో పార్కిన్సన్స్ వ్యాధి అన్నారు. దానికి గుద్దులే కారణమా అన్నదాని మీద డాక్టర్లందరిదీ ఒక మాట కాదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి పట్టుకున్న ఆ చెయ్యి వణకడం మాత్రం టీవీలో లోకమంతా చూసింది. మా మామగారు ఆ రోజు టీవీ కట్టేసి లేచి వెళ్ళిపోయారు. అలీ 2016లో పోయాడు. 45వ ఏట మళ్ళీ చాంపియనై వింత పుట్టించిన ఫోర్‌మన్ 2025లో పోయాడు. మా అరుగూ లేదు. సేఠ్‌గారి డిపో ఉన్నచోట అపార్ట్‌మెంటు లేచింది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా మనవరాలు బాక్సింగు నేర్చుకుంటానంటోంది. పదమూడేళ్ళు దానికి. బీరువా తలుపు మీద నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ బొమ్మ అంటించింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది నిఖత్. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల్లో మళ్ళీ గెలిచింది. నేర్చుకునే కొత్తలో మొహం వాచి, కన్ను కమిలి ఇంటికొస్తే, పెళ్ళెలా అవుతుందని వాళ్ళమ్మ ఏడ్చిందట. మా అబ్బాయిదీ అదే పాట, "అమ్మా, దాని మొహం పాడైతే?" అని. మొహం సంగతి నాకు బెంగ లేదు, నాలుగు రోజుల్లో మానుతుంది. మానకుండా లోపల ఉండిపోయేదే నా బెంగ.

ఆడపిల్లల పోటీల్లో మూడే రౌండ్లు. అలీ కాలం నాటి 15 రౌండ్లు కావు. తలకి టోపీ కూడా ఉంటుంది. టోపీ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఇదీ చదివాను. చదివాక కూడా వద్దనడానికి నోరు రాలేదు. ఆ పిల్ల అద్దం ముందు నిలబడి చేతులాడిస్తుంటే చూడాలి, ఇంట్లో ఎవరికీ భయపడని కళ్ళవి!

ఒక సాయంత్రం దాన్ని తీసుకుని నేనే కోచ్‌ని కలిశాను. ఎంత గట్టిగా కొట్టడం నేర్పుతారని అడగలేదు. "తప్పించుకోవడం ఎన్నాళ్ళు నేర్పుతారు నాయనా?" అన్నాను. ఆయన నవ్వి, "మొదటి ఆరు నెలలూ కాళ్ళేనమ్మా. పిడికిలి తరవాత" అన్నాడు. "కళ్ళు తిరిగితే ఆపేదెవరు?" అన్నాను. ఈసారి నవ్వలేదు. "నేను. తను వద్దని ఏడ్చినా సరే" అన్నాడు. ఫీజు కట్టాను.

ఆటోలో వస్తూ మొదలెట్టింది, "నానమ్మా, టైసన్ గుద్దు గట్టిదా, ఫోర్‌మన్‌దా?" అని. నాకు మా అరుగు కళ్ళ ముందు కొచ్చింది. దానికి షేవర్స్ సంగతి చెప్పాను, డాక్టరు రాసిన మూడు ఉత్తరాల సంగతీ చెప్పాను. బోయిగూడ మలుపు తిరిగేదాకా మాట్లాడలేదు.

"ఎవరూ జవాబివ్వలేదా?"

"లేదమ్మా."

కాసేపాగి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాస్తే నేనిస్తాలే నానమ్మా."