షూమన్ స్వప్నగీతిక

పియానో నభ్యసించు విద్యార్థికి తొలి పాఠములు గడచి, రెండు చేతులును కొంత స్వాధీనమైన పిదప, గురువు అతని ముందుంచు చిన్న రచనలలో ‘ట్రాయ్‌మెరై’ ఒకటి. జర్మన్ భాషలో ఈ మాటకు పగటికల, స్వప్నమగ్నత అని అర్థము. ఇందు గల తాళఖండములు 24 మాత్రమే. వ్రేళ్ళు పరుగెత్తవలసిన ఘట్టము ఒక్కటియు లేదు. ఇంత సులభముగా కన్పట్టునది గనుక బాలుర కొరకే వ్రాయబడినదని పెక్కుమంది తలంతురు. దీని చరిత్ర వేరొక విధముగా నున్నది.

రాబర్ట్ షూమన్ 1810 లో సాక్సనీలోని ట్స్వికావ్ పట్టణమున ఒక పుస్తక విక్రేత యింట జన్మించెను. సంగీతముతో బాటు సాహిత్యాభిరుచియు అతనికి చిన్ననాటనే అలవడెను. తల్లి కోర్కెపై న్యాయశాస్త్రము చదువబూనియు, అందు మనసు నిలువక, లైప్‌జిగ్ నగరమున ఫ్రీడ్రిక్ వీక్ అను గురువునొద్ద పియానో శిష్యుడయ్యెను. కుడిచేతి వ్రేలు పట్టుదప్పుటచే గొప్ప వాదకుడు కావలెనను ఆశ అడుగంటెను. నాటినుండి స్వరరచనయు, 1834 లో మిత్రులతో గూడి స్థాపించిన పత్రికలో సంగీత విమర్శయు అతని వృత్తులైనవి.

గురుపుత్రి క్లారా అతనికంటె తొమ్మిదేండ్లు చిన్నది. బాల్యముననే పేరుగన్న వాదకురాలు. వారి వివాహమునకు తండ్రి సమ్మతింపలేదు. న్యాయస్థానము అనుమతించిన మీదట 1840 సెప్టెంబరు 12 న గాని ఆ వివాహము జరుగలేదు. అంతకు రెండేండ్ల ముందు, 1838 వసంతమున, ఎడబాటులో నున్న షూమన్ ఆమెకొక జాబు వ్రాసెను. అతడు అప్పుడప్పుడు తనకు బాలునివలె తోచునని క్లారా ఒకప్పుడు వ్రాసియుండెను. ఆ మాటయే ప్రేరణగా దాదాపు 30 చిన్న రచనలు చేసితిననియు, కొన్నింటిని ఏరి ‘బాల్య దృశ్యములు’ అని పేరిడితిననియు అతడు తెలిపెను. 1839 లో అచ్చైన ఆ సంపుటిలో 13 రచనలు గలవు. వానిలో సరిగా నడిమిది, ఏడవది, ట్రాయ్‌మెరై.

కావున ఇవి బాలుర కొరకు వ్రాసినవి కావు. బాల్యమును దాటివచ్చిన పెద్దవాడు వెనుదిరిగి చూచిన చూపులు. ఈ భేదమును షూమన్ తానే చెప్పెను. 1848 లో, పెద్దకూతురు మరీ ఏడవ పుట్టినరోజును పురస్కరించుకొని ప్రారంభించి, అభ్యాసకుల కొరకు 43 రచనలతో వేరొక సంపుటిని కూర్చినపుడు, ఇది చిన్నవారికనియు, మునుపటిది పెద్దలకనియు స్పష్టపరచెను. అయినను గురువులు ఆ గీతను మన్నింపలేదు. పెద్దల స్మృతి పిన్నల పాఠమైనది.

మన సంగీతమున ఒక్క రాగధారయే ప్రధానము; పియానోయందు పెక్కు స్వరములు ఒకేమారు పలుకును. ట్రాయ్‌మెరైలో పైస్వరము కొంత యెగసి, క్షణకాలము నిలిచి, మరల పైకి ప్రాకి, మెల్లగా దిగివచ్చును. అడుగున తక్కిన గొంతులు దానికి బదులు పలుకును. ఆ యెగయుట పలుమారులు వచ్చును. తుదిసారి శిఖరమును చేరినచోట కాలమానమును ఆపుమను గురుతు గలదు. ఎంతసేపు ఆపవలెనో అందు లేదు. ప్రథమ ముద్రణలో నిమిషమునకు 100 మాత్రలని వేగము సూచింపబడినను, వాదకులలో పెక్కుమంది అంతకంటె చాల నెమ్మదిగానే వాయింతురు. విద్యార్థికి వ్రేళ్ళ పని కొలదిదే. వేచియుండుట నేర్చుటయే అసలు పాఠము.

షూమన్ జీవితము విషాదాంతము. 1854 లో మతి చలించి రైన్ నదిలో దూకెను; ప్రాణము దక్కినను, ఎండెనిక్ చికిత్సాలయమున 1856 లో మరణించెను. క్లారా 1896 వరకు జీవించి, భర్త రచనలను వాయించి, శిష్యులకు నేర్పి, సంస్కరించి ప్రచురించెను.

ఆ పిదప ఈ గీతిక రచయిత ఊహింపని తావులకు పోయెను. 1942–43 లో జర్మన్ సేనలతో భీకరయుద్ధము జరిగిన స్టాలిన్‌గ్రాడ్, నేటి వోల్గోగ్రాడ్, నగరమున 1967 లో స్మారక నిర్మాణము ప్రారంభమైనది. హతులైన సైనికుల పేర్లు గోడలపై నిండిన అందలి మందిరమున వినిపించుటకు ఎన్నుకొనబడినది ఈ జర్మన్ రచయిత స్వప్నగీతికయే. అదే దేశమున, 1986 ఏప్రిలులో, 1925 లో స్వదేశమును వీడిన వ్లాదిమీర్ హోరోవిట్జ్, ఎనుబది రెండేండ్ల వయసున మాస్కోలో దీనిని వాయించెను. శ్రోతలు కన్నీరు గార్చుట నాటి చలనచిత్రమున నిలిచియున్నది. ఆ వృద్ధుని ముందున్న స్వరములు బాలుడు నేర్చునవే. ఒక్కటియు అదనముగా లేదు.

బాల్యమున నుండగనే బాల్యమును తలచుకొనుట యెవరికిని సాధ్యము కాదు. అందుచే నేడు దీనిని నేర్చు బాలికకు స్వరములే అందును, స్మృతి అందదు. షూమన్ చెప్పిన భేదము నిజమే. కాని గురువులు చేసిన తప్పువలననే ఈ గీతిక ఆమెతో గూడ పెరుగుచున్నది. ఏబదియేండ్ల ప్రాయమున ఆమె మరల ఆ పుటను తెరచునపుడు, వ్రేళ్ళు దారి నెరిగియుండును. శిఖరమున ఎంతసేపు నిలువవలెనో అప్పుడు ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.