గదిలో రెండో మనిషి

నాలుగేళ్ల క్రితం ఒక ఫిల్మ్ రీలు నా బీరువాలో చీరల అడుగున పదకొండు నెలలు పడి ఉంది. ముప్పయ్యారు ఫ్రేములు. అన్నింట్లోనూ నేనే, ఒంటి మీద నూలుపోగు లేకుండా. తియ్యడం పెద్ద కష్టం కాలేదు. ఆదివారం మధ్యాహ్నం కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టాను. నేను నిలబడాల్సిన చోట స్టూలు మీద ఇత్తడి బిందె పెట్టి, దాని మీద ఫోకస్ సరిచేసుకున్నాను. సెల్ఫ్ టైమర్ నొక్కితే పది సెకన్లు. ఆలోపు పరిగెత్తుకెళ్లి స్టూలునీ బిందెనీ పక్కకి జరిపి, వాటి చోట నేను నిలబడాలి. మొదటి ఐదారు ఫ్రేముల్లో నాకంటే బిందే బాగా వచ్చింది.

అసలు కష్టం రీలు అయిపోయాక మొదలైంది. కడిగించాలంటే ల్యాబ్‌కి ఇవ్వాలి. కౌంటర్ వెనక ఒక అబ్బాయి ఉంటాడు. మర్యాదస్తుడే, 'అక్కా' అని పిలుస్తాడు. వాటితో ఏదో చేస్తాడని భయం కాదు. చూస్తాడు, అంతే. చూడకుండా పని అవదు కదా. తీసుకుంటున్నప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. ఆ అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడని రీలు చేతిలో పట్టుకున్నాక గానీ తెలిసిరాలేదు.

అప్పట్నుంచి ఈ కళ చరిత్రని ఒక్క ప్రశ్న పట్టుకుని చదువుతూ వస్తున్నాను. మామూలు నగ్నచిత్రానికి ఇద్దరు కావాలి, చూసేవాళ్లొకరు, కనబడేవాళ్లొకరు. తనని తాను తీసుకునే మనిషి ఆ ఇద్దర్నీ ఒక్కరిని చేస్తుంది. మరి గదిలో ఇంకా మిగిలిపోయిన రెండో మనిషి ఎవరు?

*

ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన మరుసటి ఏడాదే ఈ కథ మొదలవుతుంది, అదీ ఒక అలకతో. ఇపోలిత్ బయార్ ఫ్రాన్స్ ఆర్థిక శాఖలో గుమాస్తా. కాగితం మీద నేరుగా పాజిటివ్ బొమ్మ తెప్పించే పద్ధతిని 1839లో సొంతంగా కనిపెట్టాడు. ప్రభుత్వం మాత్రం అదే ఏడాది దగేర్ పద్ధతిని నెత్తికెత్తుకుంది. దగేర్‌కి జీవితకాలపు పింఛను దక్కితే, బయార్ చేతిలో కొద్దిపాటి సొమ్ము పెట్టి ఊరుకున్నారు. 1840 అక్టోబర్‌లో బయార్ తనను తాను నీట మునిగి చచ్చిపోయిన మనిషిలా ఫోటో తీసుకున్నాడు. ఒంటి పైభాగం మీద బట్ట లేదు. కళ్లు మూసుకుని ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. పక్కనే ఒక గడ్డి టోపీ. ఈ శవం బయార్‌ది, దగేర్‌కి అంత చేసిన ప్రభుత్వం ఇతనికేమీ చెయ్యలేనన్నది, అందుకే నీళ్లలో దూకాడు అని అర్థం వచ్చేలా బొమ్మ వెనక రాశాడు. ముఖం, చేతులు కుళ్లడం మొదలైందని కూడా రాశాడు. బొమ్మలో అవి నిజంగానే నల్లగా ఉంటాయి, ఎండకి కమిలి. మిగతా ఒళ్లు తెల్లగా ఉంటుంది. బట్ట కప్పిన చోట ఒక రంగు, కప్పని చోట ఒక రంగు. ఆ చిత్రంలో అన్నిటికంటే నిజమైనది నాకు అదే. బతికున్న గుమాస్తా ఒంటి లెక్క అది.

బయార్ ఇంకా 47 ఏళ్లు బతికాడు. ఆ బొమ్మకి కాగితం అతనిది, రసాయనం అతనిది, పద్ధతి కూడా అతనిదే. కడగడానికి మరొకరి చేతికి ఇవ్వాల్సిన పనే లేదు. ఆ స్వేచ్ఛ దేహం కోసం కాదు, ఫిర్యాదు కోసం వాడుకున్నాడు. సొంత ఒంటిని సాక్ష్యంగా నిలబెట్టడం మాత్రం అతనితోనే మొదలైంది.

తర్వాత ఫోటో తియ్యడం తేలికైంది, గది మాత్రం ఇరుకైంది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ మొదటి కొడక్ కెమెరాని పాతిక డాలర్లకి అమ్మాడు. అందులో 100 బొమ్మలకి సరిపడా రీలు ఎక్కించి ఉంటుంది. అయిపోయాక కెమెరాకి కెమెరానే రోచెస్టర్‌లోని ఫ్యాక్టరీకి పంపితే, కడిగి, అచ్చువేసి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. ఏ చదువూ లేకుండా ఎవరైనా ఫోటో తియ్యొచ్చు. కాకపోతే ప్రతి బొమ్మనీ ఊరూపేరూ తెలియని ఉద్యోగి ముందుగా చూస్తాడు. నా ల్యాబ్ అబ్బాయి వంశం అక్కడ మొదలైందనుకుంటాను.

ఈ రెండో మనిషి బెడద హైదరాబాద్‌కి కూడా అప్పుడే తెలిసింది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఎత్తు గోడల మధ్య పెట్టిన స్టూడియో అది. నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఫోటో తియ్యడం నుంచి అచ్చు వెయ్యడం దాకా అన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగానే జరిగేవి. అక్కడ ఎవరూ బట్టలు విప్పలేదు, నిజమే. కానీ ఆ గోడలు కట్టించిన వాళ్లకి నాకు పదకొండు నెలలకి అర్థమైన సంగతి ముందే తెలుసు. బొమ్మ తీసే వాళ్లని మార్చుకుంటే చాలదు, కడిగే వాళ్లని కూడా ఎంచుకోవాలి. ఆ ఎంపికలో ఆడవాళ్ల మాట ఎంతో, మగవాళ్ల పరువు ఎంతో, అది వేరే లెక్క.

*

మరి కడగడం కూడా తన చేతిలోకి తెచ్చుకున్న మనిషి ఏం చేసింది? ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అమెరికాలో సియాటిల్ అమ్మాయి. ఆమె మొదటి డార్క్‌రూం వాళ్ల నాన్న కట్టెల కొట్టంలో ఏర్పాటు చేసి ఇచ్చాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివింది. 1906లో, 23 ఏళ్ల వయసులో, ఆ క్యాంపస్‌లోనే పొడుగ్గా పెరిగిన గడ్డిలో నగ్నంగా పడుకుని తన ఫోటో తీసుకుంది. అందులో సవాలు చేస్తున్నట్టు ఉండదు, సిగ్గుపడుతున్నట్టూ ఉండదు. గడ్డి ఎంతో ఆమె అంతే. కెమెరా వెనక ఎవరైనా ఉంటే ఆ నిదానం వచ్చేది కాదనిపిస్తుంది నాకు. ఎవరైనా చూస్తున్నారంటే పొట్ట దానంతటదే లోపలికి పోతుంది, అది మన చేతిలో లేదు.

ఆ ఫోటోతో గొడవేమీ రాలేదు. గొడవ 1915లో వచ్చింది. ఆ ఏడాది రెయినియర్ పర్వతం మీద భర్తని నగ్నంగా తీసింది. ఆడమనిషి మగవాడి ఒంటిని చూడటమా అని సియాటిల్‌లో దుమారం రేగింది. ఆ నెగటివ్‌లని దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది.

మన దేశంలో ఈ హాబీకి పెద్దదిక్కు అనదగిన మనిషి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి. మజీఠియా జమీందారీ కుటుంబంలో 1870లో పుట్టాడు, సంస్కృతం, పారసీకం చదువుకున్న పండితుడు. ఫోటోలు ఆయన వృత్తి కాదు, అమ్ముకోలేదు. దశాబ్దాల పాటు భార్యాపిల్లల్ని తీశాడు, వాళ్లతో సమానంగా తనని కూడా తీసుకున్నాడు. 1930లో, కుటుంబం పారిస్‌లో ఉండగా, పదిహేను రోజుల ఉపవాసం తర్వాత మొలకి గుడ్డ మాత్రం ఉంచుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. అరవయ్యేళ్ల మనిషి. గడ్డం నెరిసింది. యోగం చేసిన ఒళ్లు, తిండి మానిన ఒళ్లు. ఎవరికి చూపించుకోవాలని? బహుశా తనకే. ఉపవాసం ఏం చేసిందో తెలుసుకోడానికి అద్దం చాలదు. అద్దంలో చూస్తున్నంతసేపూ మనల్ని మనం సర్దుకుంటూనే ఉంటాం. ఫోటో అయితే రేపు చూస్తాం, అప్పుడు సర్దుకోవడానికేమీ ఉండదు.

నాలుగేళ్లకి, 1934లో, ఆయన కూతురు తన ఒంటి పైభాగాన్ని అనాచ్ఛాదితంగా చిత్రించుకుంది. ఆ చిత్రం పేరు 'తహితీ స్త్రీగా స్వీయచిత్రం'. గోగాఁ గీసిన తహితీ ఆడవాళ్లకి అది ఆమె జవాబు. అమృత గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. తండ్రి ఫోటోలు మాత్రం చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన పోయిన చాలా ఏళ్లకి మనవడు, చిత్రకారుడు వివాన్ సుందరం వాటిని లోకం ముందు పెట్టాడు. అంటే ఉమ్రావ్ సింగ్ గదిలోకి రెండో మనిషి వచ్చాడు, కాకపోతే ఆలస్యంగా, అదీ ఇంటి మనిషే.

తెలుగులో ఈ విషయం రాయబోతే మాటలే అడ్డం పడతాయి. 'నూలుపోగు లేకుండా' అంటాం. 'దిసమొల' అంటాం, దిక్కులే మొలకి బట్ట అన్నట్టు. 'దిగంబరం' అన్నా అదే. ఒంటి గురించి చెప్పాల్సిన ప్రతిచోటా లేని బట్ట గురించే చెబుతున్నాం. 1965లో ఆరుగురు కవులు దిగంబర కవులమని బయల్దేరి, మొదటి సంపుటిని హైదరాబాద్‌లో ఒక రిక్షావాలా చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ల దిగంబరత్వం వ్యవస్థ బట్టలూడదియ్యడం. ఆ కోపం అవసరమైందే. కానీ ఆ ఆరుగురూ మగవాళ్లే, వాళ్లు విప్పింది సంఘానివి. సొంత ఒంటిని కోపం లేకుండా, రూపకం చెయ్యకుండా, ఊరికే చూసుకోవడానికి మనకింకా మాట లేదు. నేను కెమెరా పట్టుకోవడానికి అదొక కారణం.

*

ల్యాబ్ మనిషిని గదిలోంచి బయటికి పంపింది పోలరాయిడ్. ఎడ్విన్ లాండ్ తయారుచేసిన ఆ కెమెరా 1948 నవంబర్ 26న బోస్టన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. బొమ్మ కెమెరాలోనే తయారయ్యేది, కడగడానికి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. దాని ప్రచారమంతా పుట్టినరోజు కేకుల గురించీ సెలవుల గురించే. కొన్నవాళ్లకి మాత్రం ఇంకో ఉపయోగం ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

జాన్ కోప్లాన్స్ దీన్నే మలుపు తిప్పాడు. ఆర్ట్‌ఫోరం పత్రికకి సంపాదకుడిగా పనిచేసిన మనిషి. 1984లో, 64వ ఏట, తన నగ్న దేహాన్ని తీసుకోవడం మొదలుపెట్టాడు. వేలాడే చర్మం, వెంట్రుకలు, పాదాలు, ముడుచుకున్న వేళ్లు. ముఖం ఎక్కడా పెట్టలేదు. వాడింది అప్పటికప్పుడు బొమ్మనీ నెగటివ్‌నీ ఇచ్చే పోలరాయిడ్ ఫిల్మ్. గదిలో ఒక సహాయకుడు ఉండేవాడు. కానీ ఫ్రేములో ఏముందో కోప్లాన్స్ వీడియో తెర మీద తానే చూసుకునేవాడు. రెండో మనిషి ఉన్నా చూపు అతనిది కాదు, వేలు మాత్రమే అతనిది.

ఇంగ్లండ్‌లో జో స్పెన్స్‌కి 1982లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అప్పుడు ఆమె తీయించుకున్న ఫోటోలో ఎడమ రొమ్ము మీద సిరాతో ఒక ప్రశ్న రాసి ఉంటుంది, ఇది జో స్పెన్స్ ఆస్తేనా అని. కెమెరా దగ్గర ఆమెతో కలిసి పనిచేసిన టెర్రీ డెన్నెట్ ఉన్నాడు. ఆ ఫోటో చూశాక నా ప్రశ్నే మారింది. గదిలో రెండో మనిషి ఉండకూడదన్నది అసలు విషయం కాదు. డాక్టర్లు అడక్కుండా చూస్తారు, తడుముతారు, గుర్తులు పెడతారు. స్నేహితుడు పిలిస్తే వచ్చాడు. తేడా తలుపు దగ్గరుంది. అది లోపలి నుంచి తెరుచుకుందా, బయటి నుంచా?

ఇప్పటి ఫోన్ ఈ ప్రశ్నని మళ్లీ మొదటికి తెచ్చింది. ల్యాబ్ లేదు, రీలు లేదు. బాత్రూంలో తీసుకున్న బొమ్మ మాత్రం మనం గమనించకపోతే ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి దానంతటదే ఎక్కుతుంది. 1888 నాటి రోచెస్టర్ ఫ్యాక్టరీ జేబులోకి వచ్చి కూర్చుంది. ఒకరి దేహాన్ని వాళ్ల అనుమతి లేకుండా తీసినా, పంచినా సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఇ కింద మూడేళ్ల దాకా జైలు. నగ్నచిత్రం అయినంత మాత్రాన అది అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. ఈ రెండూ తెలిసి ఉండటం మంచిది. కానీ ఫోటో బయటపడిన అమ్మాయిని ఇంట్లో మొదట అడిగేది సెక్షన్ నంబర్ కాదు, 'అసలు ఎందుకు తీసుకున్నావ్' అని. ఉమ్రావ్ సింగ్‌ని ఎవరూ అడగని ప్రశ్న అది.

*

పదకొండు నెలల తర్వాత నేను రీలు కడగడం నేర్చుకున్నాను. ఒక డెవలపింగ్ ట్యాంకు, చేతులు దూర్చే నల్ల సంచి, డి-76 పొడి, ఫిక్సరు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్‌లో హైదరాబాద్ కుళాయి నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ టబ్బులో ఐసుముక్కలు పోసి, మధ్యలో సీసా నిలబెట్టి, జ్వరం చూసినట్టు థర్మామీటరు చూస్తూ కూర్చున్నాను. తడి ఫిల్ముని బాత్రూం బల్బుకి ఎదురుగా పట్టుకున్నప్పుడు మొదట కనపడింది తలకిందులైన నేను. నెగటివ్‌లో నల్లటి ఒళ్లు పల్చగా, వెలుతురు దాటిపోయేలా ఉంటుంది. చిన్నప్పటి నుంచి నా రంగు గురించి విన్నవన్నీ ఆ ఫిల్ము ముక్క మీద చెల్లకుండా పోయాయి. పాజిటివ్ వేశాక రంగు మళ్లీ నా రంగే అయింది. అప్పటికి దాంతో నాకు పేచీ లేదు.

ఇప్పుడు అలాంటి రీళ్లు తొమ్మిదున్నాయి, ఒక బిస్కెట్ల డబ్బాలో. నా తర్వాత దాన్ని ఎవరో ఒకరు తెరుస్తారు, ఆ సంగతి తెలుసు. ఎవరు తెరవాలో చెప్పి ఉంచాలని మాత్రం ఉంది.

కిందటి దసరాకి ఒక ప్రింటు మా అక్కకి చూపించాను, అడిగి మరీ. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఏమంటుందో అని నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. చివరికి ఫ్రేము మూల మీద వేలు పెట్టి అడిగింది.

"ఈ బిందె అమ్మమ్మది కదే? నీ దగ్గరుందా ఇది?"